అమ్మాయికి చదువూ నాయకత్వమూ రెండూ అబ్బాలంటే ఏం చేయాలి

బడికి వెళ్ళే వీలుంటే అమ్మాయిలు బాగా చదువుతారు. డేనియల్ వోయర్, సూసన్ వోయర్ అనే పరిశోధకులు చాలా దేశాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి 2014లో లెక్క తీస్తే, బడిలో టీచర్లు వేసే మార్కుల్లో అమ్మాయిలే కాస్త పైన ఉన్నారు. గణితంలో కూడా అంతే. మరి చిక్కు ఎక్కడుంది? 2017లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దాన్ని సూటిగా చూపించింది. లిన్ బియాన్, ఆమె సహచరులు అమెరికాలో చిన్నపిల్లలను కూర్చోబెట్టి, చాలా చాలా తెలివైనవాళ్ళు ఎవరో చెప్పమన్నారు. ఐదేళ్ళ వయసులో అమ్మాయిలు అమ్మాయిలనీ, అబ్బాయిలు అబ్బాయిలనీ చూపించారు. ఆరేడేళ్ళు వచ్చేసరికి అమ్మాయిల్లో ఆ ధీమా తగ్గింది. మార్కులు ఎవరికి బాగా వస్తాయని అడిగితే మాత్రం అదే వయసు అమ్మాయిలు అమ్మాయిలకే అన్నారు. మార్కులొస్తాయని వాళ్ళకు తెలుసు, తెలివి మాత్రం తమ సొత్తు కాదనుకుంటున్నారు. ఒక కొత్త ఆటను 'బాగా తెలివైనవాళ్ళు ఆడే ఆట' అని పరిచయం చేస్తే దాని జోలికి వెళ్ళడానికి ఆ అమ్మాయిల్లో ఆసక్తి తగ్గింది. 'బాగా కష్టపడేవాళ్ళు ఆడే ఆట' అంటే తగ్గలేదు.

కాబట్టి మార్కులొచ్చాయని చేతులు దులుపుకోవడానికి లేదు. అలాగని మార్కులకు ఒక శిక్షణ, నాయకత్వానికి మరో శిక్షణ అక్కర్లేదు. రెండింటికీ కావాల్సినవి అవే అని నా గట్టి నమ్మకం: తన సమయం తన చేతిలో ఉండటం, తన ప్రశ్నకు జవాబు దొరకడం, ఏదో ఒక పనిలో నిర్ణయం పూర్తిగా తనదే కావడం. పొగడ్తలూ ఉపన్యాసాలూ ఆ తర్వాతి మాట. కింది పనులు తల్లిదండ్రులు చేయొచ్చు, టీచర్లు చేయొచ్చు, మేనత్తలూ మేనమామలూ చేయొచ్చు. అన్నీ ఒకేసారి ఎత్తుకోవద్దు. కానీ మొదటిది మాత్రం మొదటే చేయండి. అది లేకపోతే మిగతావి నిలవవు.

1. ముందు ఆమె రోజు ఎలా గడుస్తోందో రాసి చూడండి

ఒక వారం పాటు, నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఆమె ఏ పని ఎంతసేపు చేసిందో కాగితం మీద రాయండి. గిన్నెలు తోమడం, బట్టలు మడతపెట్టడం, నీళ్ళు పట్టడం, చిన్నవాళ్ళను చూసుకోవడం, 'ఒక్క నిమిషం ఇలా రా' అని పిలిచినప్పుడల్లా లేవడం, అన్నీ రాయాలి. ఇంట్లో అబ్బాయి కూడా ఉంటే పక్కనే అతనికీ ఒక వరుస పెట్టండి. వారం చివర రెండు వరుసలూ కూడండి.

ఈ తేడా మీ ఇంటికే పరిమితమైంది కాదు. ప్రపంచవ్యాప్తంగా 5 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలు ఇంటిపనుల మీద అదే వయసు అబ్బాయిలకంటే 40 శాతం ఎక్కువ సమయం పెడుతున్నారని యూనిసెఫ్ 2016లో చెప్పింది. రోజుకు 16 కోట్ల గంటలు అదనం.

ఇంటిపని చేయడం తప్పేమీ కాదు, పిల్లలందరికీ రావాలి. మార్చాల్సింది పంపకం. పనుల జాబితా గోడకు అంటించి, వారం వారం పేర్లు మార్చండి. అందులో అబ్బాయిల పేర్లూ, నాన్న పేరూ ఉండాలి. తర్వాత రోజులో ఒక గంటో గంటన్నరో ఆమెకు కేటాయించి, ఆ వేళలో ఎవరూ ఆమెను పిలవకూడదని ఇంట్లో అందరినీ ఒప్పించండి. మధ్యలో నాలుగుసార్లు లేచిన గంట, గంట కాదు. చదువు మీద శ్రద్ధ లేదని మనం నిందించే పిల్లల్లో చాలామందికి నిజంగా లేనిది తెగకుండా సాగే సమయమే.

2. మెచ్చుకునే తీరు మార్చండి

'నువ్వు చాలా తెలివైనదానివి' అన్న మాట వినడానికి బాగుంటుంది గానీ దాని వెనకాల ఒక బరువు ఉంటుంది. క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో, తెలివిని మెచ్చుకున్న పిల్లలు ఆ తర్వాత తేలికైన పని వైపు మొగ్గారు, ఒక ఓటమి ఎదురవగానే పట్టు వదిలారు. కృషిని మెచ్చుకున్న పిల్లలు కష్టమైన పని ఎంచుకున్నారు. తెలివైనదని పేరొచ్చాక ఆ పేరు పోగొట్టుకోకూడదన్న భయం పట్టుకుంటుంది. తెలివి తనది కాదేమోనని ఆరేళ్ళకే అనుమానం మొదలైన అమ్మాయికి ఈ భయం ఇంకా ఎక్కువ.

అలాగని ప్రతిదానికీ 'బాగా కష్టపడ్డావు' అనడం కూడా పనికిరాదు. తప్పు పద్ధతిలో కష్టపడుతుంటే ఆ మాట ఆమెను అక్కడే ఉంచేస్తుంది. ఏం చేసిందో చూసి, దాన్నే చెప్పండి: 'మొదటి దారి కుదరలేదని తెలిశాక బొమ్మ గీసి చూశావు, అక్కడే లెక్క తెగింది.' 'ఈ వ్యాసంలో నీ వాదనకు ఎదురు వాదన కూడా రాశావు, అందుకే బలం వచ్చింది.' లేదా ఊరికే అడగండి: 'ఇది నీకు ఎలా తట్టింది?' ఈ ప్రశ్నకు జవాబు చెబుతున్నప్పుడు ఆమె తన ఆలోచనను తానే వింటుంది.

ఇంకో మాట. అమ్మాయిలకు నెమ్మదితనానికీ, అందమైన చేతిరాతకీ, చెప్పిన మాట వినడానికీ మెప్పు ఎక్కువగా దక్కుతుంది. ఒక వారం మీ నోటి వెంట వచ్చిన మెచ్చుకోళ్ళను గమనించండి. అందులో ధైర్యానికీ, పట్టుదలకీ, కొత్త ఆలోచనకీ దక్కినవి ఎన్నో చూడండి.

3. చదివే పద్ధతి నేర్పండి

ఎంతసేపు చదివిందన్నదానికంటే ఎలా చదివిందన్నది ముఖ్యం. రంగురంగుల గీతలు గీసి, నోట్సు మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల వచ్చేసినట్టు అనిపిస్తుంది. రోడిగర్, కార్పికీ 2006లో చేసిన ప్రయోగంలో పాఠాన్ని పదే పదే చదివినవాళ్ళకు ఐదు నిమిషాల తర్వాత బాగానే గుర్తుంది. వారం తర్వాత చూస్తే, పాఠం మూసేసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళే ముందున్నారు.

ఆచరణలో ఇలా: పాఠం చదవగానే పుస్తకం మూయాలి. తెల్లకాగితం మీద గుర్తున్నదంతా రాయాలి. పుస్తకం తెరిచి, వదిలేసినవి వేరే రంగు పెన్నుతో చేర్చాలి. రెండు రోజులాగి మళ్ళీ అదే పని, వారం తర్వాత ఇంకోసారి. లెక్కలకైతే తప్పుల పుస్తకం ఒకటి పెట్టించండి: తప్పు పోయిన ప్రతి లెక్కనూ అందులో ఎక్కించి, ఎక్కడ దారి తప్పిందో ఒక వాక్యంలో రాయాలి. పరీక్ష ముందు చదవాల్సింది ఆ పుస్తకమే.

గణితం విషయంలో పెద్దవాళ్ళ నోరు చాలా జాగ్రత్తగా ఉండాలి. సియాన్ బైలాక్ బృందం 2010లో చిన్న తరగతులకు చెప్పే మహిళా టీచర్లను పరిశీలించింది. టీచరుకు గణితమంటే ఎంత బెదురుంటే, ఏడాది చివరికి ఆ తరగతిలో 'లెక్కలు అబ్బాయిలకు, చదవడం అమ్మాయిలకు' అని నమ్మే అమ్మాయిలు అంత ఎక్కువయ్యారు, వాళ్ళ లెక్కలే వెనకబడ్డాయి. ఏడాది మొదట్లో ఆ తేడా లేదు. తరగతిలో ఏడాదిలో జరిగేది ఇంట్లోనూ జరగొచ్చు. 'నాకూ లెక్కలు వచ్చేవి కావు తల్లీ' అని అమ్మ ప్రేమతోనే అంటుంది. దాని బదులు 'నాకూ రాదు, పద ఇద్దరం చూద్దాం' అనండి. రాకపోవడం నేర్చుకోవడానికి మొదలని ఆమెకు అర్థమవుతుంది.

చిన్నవయసులో దిమ్మెలు పేర్చే ఆటలు, పటం చూసి దారి కనుక్కోవడం, పాడైన వస్తువు విప్పి చూడటం అమ్మాయిల చేత కూడా చేయించండి. ఆకారాలను మనసులో తిప్పి చూసే నేర్పు సాధనతో పెరుగుతుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి.

4. ప్రశ్న అడగడం అలవాటు చేయండి

నాయకత్వం వేదిక మీద మొదలవదు, నలుగురిలో నోరు తెరిచి 'ఇది నాకు అర్థం కాలేదు' అనగలగడంతో మొదలవుతుంది. పెద్ద చదువులు చదివిన ఆడవాళ్ళకు కూడా ఇది కష్టమే. 2018లో అలీసియా కార్టర్ బృందం విశ్వవిద్యాలయ సెమినార్లను గమనించింది. హాలులో ఆడవాళ్ళు సగం మంది ఉన్నా, వాళ్ళ వైపు నుంచి వచ్చే ప్రశ్నలు చాలా తక్కువ. మొదటి ప్రశ్న మగవాడు అడిగితే ఆ తేడా ఇంకా పెరిగింది.

టీచర్లూ, దీన్ని మీరు రేపే వాడుకోవచ్చు. మొదటి ప్రశ్న అమ్మాయి నుంచి తీసుకోండి. ఇంకోటి, ప్రశ్న వేశాక ఆగండి. పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించినట్టు, టీచర్లు ప్రశ్న వేసి మామూలుగా ఒక్క సెకను మాత్రమే ఆగుతారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయి, అంతకుముందు నోరెత్తనివాళ్ళు కూడా మాట్లాడతారు. మనసులో మూడు లెక్కపెట్టుకోండి, ఆ మౌనాన్ని భరించండి. చేతులెత్తినవాళ్ళనే పిలిచే బదులు పేర్లు రాసిన చీటీలు తీసి పిలిస్తే ఎప్పుడూ మాట్లాడే నలుగురే మాట్లాడరు.

ఇంట్లో చేయాల్సింది ఇంకా తేలిక. డాక్టరో, టీచరో, చుట్టాలో ఆమెను ఏదైనా అడిగినప్పుడు ఆమె బదులు మీరు జవాబు చెప్పకండి. ఆమె తడుముకుంటే తడుముకోనివ్వండి. బడి నుంచి రాగానే మార్కులెన్ని అని కాక 'ఇవాళ ఏం అడిగావు?' అనండి. మాట్లాడుతుండగా ఎవరైనా అడ్డొస్తే 'తనని పూర్తి చేయనివ్వండి' అని చెప్పాల్సిన బాధ్యత పెద్దవాళ్ళదే. అడ్డొచ్చింది నాన్నే అయినా చెప్పాలి.

5. నిజమైన పని అప్పగించండి

1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర ఒక అమ్మాయిని కాపలా పెట్టారు. టికెట్ లేనివాళ్ళను లోపలికి పంపవద్దని ఆమెకు చెప్పిన మాట. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి కోప్పడినా, తనకు అప్పగించిన పని తాను చేశానంది. టికెట్ తెప్పించాకే ఆయన్ని లోపలికి పంపింది. నెహ్రూ ఆమెను మెచ్చుకున్నారు. ఆ పధ్నాలుగేళ్ళ అమ్మాయి దుర్గాబాయి. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలైంది, ఆంధ్ర మహిళా సభ స్థాపించింది.

ఆమె ధైర్యం గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం పెద్దవాళ్ళు ఆమెకిచ్చిన పని మీదే ఎక్కువ గురి. అది స్పష్టమైన పని, నలుగురికీ ఉపయోగపడే పని, కాదనే అధికారం కూడా ఉన్న పని. మన బడుల్లో, సంఘాల్లో అమ్మాయిలకు ఎక్కువగా దక్కేవి వేరు: అలంకరణ, అతిథులకు పూలు ఇవ్వడం, నోట్సు రాసిపెట్టడం, ప్రార్థన పాడటం. వీటిలో తప్పు లేదు. వీటిలో నిర్ణయం లేదు, అంతే.

చిన్నదానితో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. ఎనిమిదేళ్ళ పిల్లకు ఇంటి పుస్తకాల అర బాధ్యత ఇవ్వండి: ఏది ఎక్కడ పెట్టాలి, ఎవరికి అరువివ్వాలి, ఎప్పుడు తిరిగి అడగాలి, అన్నీ తనే. పది, పన్నెండేళ్ళకు కుటుంబ ప్రయాణంలో ఒక రోజు మొత్తం ఆమె పథకం. ఆ వయసు దాటాక నలుగురైదుగురు ఉన్న జట్టు, చేతిలో కొంత డబ్బు, ఒక గడువు ఉన్న పని: చిన్నపిల్లలకు వారం వారం లెక్కలు చెప్పే బృందం, బడిలో సైన్స్ ప్రదర్శన, ఆటల పోటీ. డబ్బు లెక్క ఆమె చేతిలో ఉండటం చాలా ముఖ్యం. పేరుకు లీడర్‌ని చేసి, డబ్బు దగ్గరకు వచ్చేసరికి పెద్దవాళ్ళు అందుకుంటే అందరికీ అర్థమైపోతుంది, అసలు ముందు ఆమెకే అర్థమవుతుంది.

మీరు ఎప్పుడు జోక్యం చేసుకుంటారో ముందే చెప్పేయండి: ఎవరికైనా ప్రమాదం ఉంటే, ఖర్చు అనుకున్నది దాటితే. ఈ రెండు తప్ప, పని వంకరగా సాగుతున్నా చేతులు కట్టుకుని ఉండండి. ఇది పెద్దవాళ్ళకు నిజంగా కష్టం. పని అయ్యాక కూర్చుని మూడు అడగండి: ఏది అనుకున్నట్టు జరిగింది? ఏది జరగలేదు? మళ్ళీ చేస్తే ఏం మారుస్తావు? మీ తీర్పు చివర్లో, అదీ ఆమె అడిగితేనే.

అమ్మాయి పని పురమాయిస్తే మొహం చిట్లించే తోటిపిల్లలుంటారు, అబ్బాయిల్లోనూ అమ్మాయిల్లోనూ. అదే పని అబ్బాయి చేస్తే చురుకైనవాడంటారు. దీని గురించి ఆమెతో ముందే మాట్లాడండి. గొంతు తగ్గించుకోమని మాత్రం చెప్పకండి. పని ఎందుకో వివరించడం, పని పంచడం, చేసినవాళ్ళ పేరు చెప్పి మెచ్చుకోవడం, ఎవరైనా చేయకపోతే పక్కకు పిలిచి అడగడం నేర్పండి. ఇవి నేర్చుకుంటే వచ్చే విద్యలే.

6. కళ్ళెదుట మనుషుల్ని చూపించండి

1993లో వచ్చిన రాజ్యాంగ సవరణతో భారతదేశంలో గ్రామపంచాయతీ అధ్యక్ష పదవుల్లో మూడో వంతు ఆడవాళ్ళకు కేటాయించారు. ఏ ఊరికి ఎప్పుడు రిజర్వేషన్ వస్తుందన్నది పశ్చిమ బెంగాల్‌లో యాదృచ్ఛికంగా పడింది కాబట్టి పరిశోధకులకు పోల్చడానికి వీలు దొరికింది. లోరీ బీమన్, ఎస్తేర్ డుఫ్లో, రోహిణీ పాండే, పెటియా టోపలోవా 495 గ్రామాల్లో చూశారు. వరుసగా రెండు దఫాలు మహిళ అధ్యక్షురాలుగా ఉన్న ఊళ్ళలో, పెద్దయ్యాక ఏం కావాలన్న ఆశల్లో అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఉన్న తేడా 32 శాతం తగ్గింది. చదువులో తేడా పూర్తిగా పోయింది. అమ్మాయిలు ఇంటిపని మీద పెట్టే సమయం కూడా తగ్గింది. 2012లో ఇది ప్రచురితమైంది. కుర్చీలో ఒక మనిషిని రోజూ చూడటం ఎంత పని చేస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

గోడ మీద మహానుభావుల బొమ్మలు పెట్టడం మంచిదే. అంతకంటే మంచిది, అందుబాటులో ఉన్న ఒక ఇంజినీరునో, లాయరునో, పరిశోధకురాలినో, బస్సు నడిపే ఆమెనో పరిచయం చేయడం. వాళ్ళను విజయాల గురించి కాక మామూలు రోజు గురించి, తప్పిన పరీక్షల గురించి చెప్పమనండి.

7. ఓడిపోయినప్పుడు

గణిత శాస్త్రవేత్త మరియం మీర్జాఖానీ 1977లో ఇరాన్ రాజధాని టెహ్రాన్‌లో పుట్టింది. మాధ్యమిక బడిలో మొదటి ఏడాది గణితం ఆమెకు బాగా సాగలేదు. ఆమెలో ప్రత్యేకమైన ప్రతిభ ఉందని ఆ టీచరుకు అనిపించలేదు, ఆమెకూ ఆసక్తి పోయింది. మరుసటి ఏడు వచ్చిన టీచరు ప్రోత్సహించడంతో దారిలో పడింది. ఉన్నత పాఠశాలలో ఆమె, స్నేహితురాలు రోయా బెహెష్తీ కలిసి ప్రిన్సిపాల్ దగ్గరకు వెళ్ళి, అబ్బాయిల బడిలో చెప్పే సమస్యా సాధన తరగతులు తమకూ కావాలని అడిగారు. దేశదేశాల బడిపిల్లలు పోటీపడే గణిత ఒలింపియాడ్‌కు వెళ్ళే ఇరాన్ జట్టులో అంతకుముందు ఒక్క అమ్మాయీ లేదు. 'మీకెందుకు' అనకుండా ఆ ప్రిన్సిపాల్ తరగతులు పెట్టించింది. 1994లో, 1995లో మీర్జాఖానీ అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు తెచ్చింది, రెండోసారి పూర్తి మార్కులతో. 2014లో, గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఫీల్డ్స్ పతకం అందుకున్న తొలి మహిళ అయింది.

ఆ మొదటి ఏడాది మార్కులు చూసి 'ఈ పిల్లకు లెక్కలు రావు' అని ఎవరైనా ఖాయం చేసి ఉంటే? కాబట్టి మార్కులు పడిపోయిన రోజున తీర్పులు వద్దు. ఆ సాయంత్రం బాధపడనివ్వండి. మర్నాడో ఆ తర్వాతో జవాబు పత్రం ముందేసుకుని, తెలియక పోయినవి, తెలిసీ తొందరలో పోయినవి, సమయం చాలక పోయినవి మూడు రకాలుగా విడదీయండి. ఒక్కో రకానికి మందు వేరు. ఎన్నికలో ఓడినా, జట్టులో చోటు దొరక్కపోయినా ఇదే పద్ధతి. మళ్ళీ ఎప్పుడు ప్రయత్నించాలో తేదీ ఆమే రాసుకోవాలి.

8. పదకొండేళ్ళ నుంచి ఇంకాస్త దగ్గరగా ఉండండి

ఒంట్లో మార్పులొచ్చే వయసులో చాలామంది అమ్మాయిలు ఆటలు మానేస్తారు, చేయి ఎత్తడం మానేస్తారు. నెలసరి గురించి అది రాకముందే తేటగా చెప్పండి, నాన్న కూడా ఆ మాటల్లో ఉంటే ఇంకా మంచిది. బడిలో తలుపు గడియ పడే మరుగుదొడ్డి, నీళ్ళు, ప్యాడ్లు ఉన్నాయో లేదో స్వయంగా వెళ్ళి చూడండి. లేకపోతే నలుగురు తల్లిదండ్రులు కలిసి రాతపూర్వకంగా అడగండి. ఆటలు మాన్పించకండి.

దారిలో ఎవరైనా వేధిస్తున్నారని ఆమె చెబితే, జవాబు బడి మాన్పించడం కాకూడదు. అలా ఒక్కసారి జరిగితే మళ్ళీ ఏదీ మీకు చెప్పదు. తోడు ఏర్పాటు చేయండి, దారి మార్చండి, ఫిర్యాదు చేయండి, శిక్ష మాత్రం ఆమెకు పడకుండా చూడండి.

9. ఏం చదవాలో ఎంచుకునే సమయం వచ్చినప్పుడు

ఇక్కడే ఇంతవరకూ చేసినదంతా పరీక్షకు వస్తుంది. ఆమె మీరు అనుకోని కోర్సు పేరు చెబుతుంది. కుదరదనే ముందు ఇద్దరూ విడివిడిగా కూర్చుని చెరో కాగితం రాయండి: ఆ కోర్సులో ఏం ఉంటుంది, ఖర్చెంత, ఎక్కడ ఉండాలి, ఆ తర్వాత దారులేమిటి, కుదరకపోతే రెండో దారి ఏమిటి. కాగితాలు మార్చుకుని చదవండి. తెలియనివి కనుక్కునే పని ఆమెదే, కాలేజీకి ఫోన్ చేయడం కూడా. ఆ కోర్సు చేసినవాళ్ళు ఇద్దరితో ఆమెను మాట్లాడించండి. డబ్బు గురించి దాచకుండా చెప్పండి, స్కాలర్‌షిప్పుల గడువులు క్యాలెండర్‌లో ఎక్కించండి. ఇదంతా దరఖాస్తు గడువుకు కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. గడువు రేపనగా జరిగే చర్చలో ఎప్పుడూ పెద్దవాళ్ళ మాటే నెగ్గుతుంది. ఇంత చేశాక కూడా ఆమె తన మాట మీదే ఉంటే, దరఖాస్తు ఫారం ఆమె చేతికే ఇచ్చి నింపమనండి.